ఆర్ముగం లెక్క తప్పలేదు

మత్స్యశాఖలో కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టర్లకు శిక్షణ తరగతుల్లో చెప్పే కథ ఒకటి ఉంది. నెల్లూరు తీరంలో ఒక పల్లెలో గాలి వేగం కొలిచే నాటు యంత్రం ఉండేదట. దాన్ని చూసి లెక్క చెప్పవలసిన వాచ్‌మన్ ఒకరోజు తాగి పడుకుని, నోటికొచ్చిన అంకె చెప్పాడట. ఆ అంకెను నమ్మి సముద్రంలోకి పోయిన తెప్పల్లో రెండు తిరిగి రాలేదట. కాబట్టి కిందివాళ్ళను ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండాలి. కథ అక్కడితో అయిపోతుంది. కుర్రవాళ్ళు నీతి రాసుకుంటారు.

రిటైరయ్యే ముందు అలాంటి ఒక తరగతికి నన్నూ పిలిచారు. నా పక్కన కూర్చున్న ఉపన్యాసకుడు ఈ కథే చెప్పాడు. ఆ యంత్రం చేసినవాడు తన పక్కనే కూర్చున్నాడని ఆయనకు తెలియదు. తర్వాత నన్ను మాట్లాడమన్నారు. వలల గురించి నాలుగు ముక్కలు చెప్పి దిగివచ్చాను.

ఆ వాచ్‌మన్ పేరు ఆర్ముగం. అతను తాగలేదు. పడుకోలేదు. లెక్క తప్పలేదు. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన మీకు ఇది చెప్పడానికే రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించీ బదిలీల గురించీ తెలుసుకుని మీకు ఒరిగేది లేదు గనక వాటిని వదిలేస్తాను.

కళ్ళంలో గాలి, కడలిలో గాలి

మాది సంగం దగ్గర వరి పండించుకునే కుటుంబం. గాలి అంటే నాకు తెలిసింది కళ్ళంలో తూర్పారబట్టే గాలి ఒక్కటే. అది లేకపోతే పని ఆగుతుంది, ఎక్కువైతే పొట్టుతోపాటు గింజ కూడా పోతుంది. అంతకు మించి గాలితో మాకు పనిలేదు. అలాంటివాణ్ణి, పంతొమ్మిదివందల యాభైల చివర్లో ఉద్యోగం వస్తే, విడవలూరుకు తూర్పున కాలవ దాటి ఇసకలో ఉన్న ఒక పట్టపుపాళెంలో వేశారు. పట్టపువాళ్ళంటే మా తీరంలో సముద్రపు వేట మీద బతికేవాళ్ళు. ఆ పాళెం పేరు రాయను. వాళ్ళు మోసింది చాలు.

కాగితం మీద నా పని నైలాన్ వలలు అలవాటు చేయడం, సంఘం పెట్టించడం. నిజానికి మొదటి ఏడాదంతా నేను చేసింది ఒడ్డున కూర్చుని వాళ్ళు మాట్లాడుకునేది వినడమే. మీరూ అదే చేయండి. మొదటి ఏడాదిలోనే ఊరిని బాగుచేసిన ఇన్‌స్పెక్టరును నేను చూడలేదు.

ఆ రోజుల్లో అక్కడ మరపడవలు లేవు. దుంగలను తాళ్ళతో కలిపి కట్టిన తెప్పలే. ఒక్కో తెప్ప మీద ముగ్గురో నలుగురో పోతారు. పోవడం కంటే రావడం కష్టం. గాలి పెరిగితే ఒడ్డు దగ్గర అలలు ఎత్తుగా లేచి విరుగుతాయి. అక్కడ తెప్ప తిరగబడితే దుంగ దెబ్బకు మనిషి లేవడు. అందుకని గాలి జాస్తిగా ఉన్న రోజు ఎవరూ పోకూడదని ఊరిపెద్ద ఆజ్ఞ వేస్తాడు. ఊరిపెద్దను వాళ్ళు కాపు అంటారు, ఆయన ఆజ్ఞను దురాయి అంటారు. దురాయి పడితే ఒక్క తెప్ప కదలకూడదు. కదిలితే ఆ వల కాపు వాకిట్లో చేరుతుంది. దీనికి రెండో వైపు కూడా ఉంది. దురాయి పడని రోజు ఒంట్లో బాగాలేనివాడు తప్ప ఎవరూ ఇంట్లో ఉండకూడదు. ఒక్కడు ఆగితే ఆ తెప్ప మీద మిగతా ముగ్గురికీ వేట పోతుంది. భయమేస్తోందని ఆగినవాణ్ణి మళ్ళీ ఎవరూ తెప్ప ఎక్కించుకోరు.

నా కాలంలో కాపు పోలయ్య. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. దురాయి వేసిన ప్రతిసారీ ఆయన తిట్లు తినేవాడు. తన కొడుకు వల చిరిగింది గనక అందరినీ ఆపాడని ఒకరు, తమ మీద పాత కోపంతో ఆపాడని ఇంకొకరు. నేను గాలిని అంకెల్లో కొలవవచ్చని చెప్పినప్పుడు, ఊళ్ళో అందరికంటే ఎక్కువ ఆశపడింది ఆయనే.

"నా నోటితో వద్దంటే నామీదకొస్తారు సార్. మీ యంత్రం వద్దంటే యాడికి పోతారు?" అన్నాడు.

చిప్పలు

అసలైన గాలియంత్రాన్ని నేను కాలేజీలో ఉండగా మద్రాసులో ఒకసారి చూశాను. రేకు గిన్నెలు నాలుగు, గిరగిర తిరుగుతూ. అలాంటిది కావాలని మా పై ఆఫీసుకు రాస్తే, చేపలకూ గాలికీ ఏమిటి సంబంధమని జవాబు వచ్చింది. దాంతో నేనే చేశాను.

చేయడం సులభం. రెండు వెదురు బద్దలను కూడిక గుర్తులా అడ్డంగా కట్టాలి. నాలుగు చివర్లా నాలుగు సగం టెంకాయ చిప్పలు, గుంటలన్నీ ఒకదాని వెనక ఒకటి ఒకే వరసలో తిరిగేట్టు బిగించాలి. గుంట వైపు గాలిని పట్టుకుంటుంది, బోర్లా వైపు వదిలేస్తుంది. అందుకని గాలి ఏ దిక్కున వచ్చినా చిప్పలు ఒకే వైపు తిరుగుతాయి. మధ్యలో పాత సైకిలు ముందుచక్రం హబ్బు పెట్టి గ్రీజు పూశాను. ఒక చిప్పకు ఎర్రరంగు వేశాను. ఎర్రచిప్ప అర నిమిషంలో ఎన్నిసార్లు ముందుకొస్తే అన్ని చుట్లు. టైంపీసు చూసి ఎంచుకోవడమే.

మొదటి రోజు దాన్ని కర్ర మీద ఎక్కిస్తుంటే, తలమీద చేపలగంపతో పోతున్న ఎల్లమ్మ నిలబడి చూసింది. "ఏంది సార్, కాయంతా మీరు తినేసి చిప్పలు మాకు ఎండబెడతా ఉండారా?" అంది. వెనకున్న ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఎల్లమ్మకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఆర్ముగం, చిన్నవాడు గోవిందు.

తిరిగే చుట్లకు గాలి వేగం ఎంతో తెలియాలి కదా. గాలి స్తంభించిన ఒక పొద్దున యంత్రాన్ని ఆఫీసు జీపు ముందు ఎత్తుగా కట్టి, విడవలూరు రోడ్డు మీద తిన్నగా ఉన్నచోట నడిపించాను. పది మైళ్ళ వేగంలో ఎన్ని చుట్లు, పదిహేనులో ఎన్ని, ఇరవైలో ఎన్ని అని పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎంచి, రెండింటికీ సగటు కట్టాను. గాలి లేదనుకున్న రోజు కూడా కొంచెం ఉంటుంది, రెండు వైపులా తీస్తే అది కొట్టుకుపోతుంది. ఆ పనిలో తప్పు లేదు. ఇప్పటికీ అలాగే చేయమంటాను.

తర్వాత ఒక వేటకాలమంతా ఒడ్డునున్న ఇసకదిబ్బ మీద యంత్రాన్ని నిలబెట్టి, పోలయ్య పక్కన నిలబడ్డాను. ఆయన వద్దన్న రోజు ఎన్ని చుట్లో, సరేనన్న రోజు ఎన్ని చుట్లో చూస్తూ వచ్చాను. నలభై దగ్గర హద్దు తేలింది. నలభై దాటితే ఎర్రజెండా, జెండా ఎగిరితే దురాయి. ఇంక ఆయన నోరు విప్పనక్కరలేదు. ఊరంతా ఇసకలో కూర్చుని ఒప్పుకుంది.

రోజూ తెల్లవారుతుండగా చుట్లు ఎంచడానికి మనిషి కావాలి. ఆర్ముగానికి అంతకు ముందే అలల్లో దుంగ తగిలి భుజం పోయింది. తెడ్డు వేయలేడు. వలల షెడ్డుకు వాచ్‌మన్‌గా పెట్టుకుని, ఆ పని కూడా అప్పగించాను. అతను వేళ్ళు మడుస్తూ పైకి ఎంచేవాడు. ఒకసారి ఎంచి నమ్మేవాడు కాదు, రెండుసార్లు ఎంచి రెండూ కలిస్తేనే చెప్పేవాడు.

అందరికీ నచ్చిన మార్పు

మా అసిస్టెంట్ డైరెక్టరు గారు చెడ్డవాడు కాదు. పని చేసేవాణ్ణి మెచ్చుకునేవాడు, లంచం ముట్టేవాడు కాదు. అయితే ఆయనకు చూపించడం ఇష్టం. పైనుంచి ఎవరు వచ్చినా మా పాళేనికి తీసుకొచ్చి చిప్పల యంత్రం చూపించేవాడు. ఇసకదిబ్బ దాకా నడవడం వచ్చినవాళ్ళకు కష్టంగా ఉంది, దాన్ని పాళెంలో నా ఆఫీసూ వలల షెడ్డూ ఉన్న ఆవరణలోకి మార్చమన్నాడు. నాకూ అది బాగానే అనిపించింది. దిబ్బ మీద ఉప్పుగాలికి హబ్బు నెలకొకసారి తుప్పుపట్టి బిగుసుకుపోయేది. ఒడ్డుకు కాస్త వెనగ్గా ఉన్న ఆవరణలో రెండు నిలువుల స్తంభం పాతి యంత్రాన్ని దానిమీదికి మార్చాను. ఆ వారమంతా దిబ్బ మీదా ఇక్కడా ఎంచి చూశాను, తేడా లేదు.

ఆ తర్వాతి ఏడు నేను చెట్లు వేయించాను.

ఈశాన్యపు గాలులప్పుడు ఇసక కొట్టుకొచ్చి వలల షెడ్డులో మోకాలి లోతున పేరుకునేది. రైతుబిడ్డకు తోచేది ఒక్కటే కదా, అడ్డంగా చెట్లు పెట్టడం. ఆవరణకు ఉత్తరానా తూర్పునా సరుగుడు మొక్కలు దగ్గరదగ్గరగా మూడు వరసలు నాటించాను. నీళ్ళు పోయించాను. మేకల్ని నేనే తరిమాను. సరుగుడు ఇసకలో ఎంత తొందరగా లేస్తుందో తీరంలో ఉన్నవాళ్ళకు తెలుసు. మూడో ఏటికి షెడ్డులో ఇసక పడటం ఆగింది. దానికి కూడా మెచ్చుకున్నారు.

ఇక్కడ ఏం జరిగిందో నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఎవరూ మోసం చేయకుండానే ఇది జరిగింది. ఏటికేడు చెట్లు పెరిగాయి. వాటి తలలు స్తంభాన్ని దాటాయి. ఎండాకాలంలో మాకు దక్షిణపు గాలి, అటు చెట్లు లేవు, చిప్పలు ఎప్పటిలాగే తిరిగాయి. ఉత్తరపు గాలి వీచే వానాకాలంలో మాత్రం చెట్లు గాలిని సగం మింగి మిగతా సగం చిప్పలకు వదిలాయి. ఏటికేడు కొంచెం కొంచెంగా.

దాంతో ఎర్రజెండా ఎగిరే రోజులు తగ్గుతూ వచ్చాయి. అది అందరికీ నచ్చింది. వేట పోని రోజులు తగ్గాయని పాళెంలో సంతోషం. యంత్రం వచ్చాక అనవసరపు భయం పోయిందని నేను పైకి రాశాను, డైరెక్టరు గారు దాన్ని మీటింగుల్లో చదివారు. ఒడ్డున నిలబడ్డవాడికి గాలి తగలదా అని మీరడగవచ్చు. తగిలింది. అయితే జెండా లేక ఈ ఏడు వేటకెళ్ళిన గాలి పోయినేడు వెళ్ళిన గాలి కంటే కాస్తే ఎక్కువ. పోయినేడు పోయి వచ్చారు కదా, ఈ ఏడూ పోయివచ్చారు. ఎవరైనా గొణిగితే, "జెండా లేదు కదరా, నీకేం కడుపునొప్పా?" అని తెప్ప ఎక్కించేవాళ్ళు. కాపు పోలయ్య కూడా మునుపటి కాపులు ఊరికే భయపెట్టారనే నమ్మకానికొచ్చాడు.

నేను ప్రతి ఏడూ ఎండాకాలంలో యంత్రాన్ని దించి, జీపుకు కట్టి పరీక్షించేవాణ్ణి. ప్రతి ఏడూ లెక్క సరిపోయింది. యంత్రాన్ని పరీక్షించాను గానీ అది నిలబడ్డ చోటును పరీక్షించలేదు. మీరు ఏది కొలిచినా సరే, గాలైనా, చేపల దిగుబడైనా, అంకెలు ఏటికేడు అందరికీ నచ్చే వైపే జరుగుతుంటే ఒకసారి ఆగండి. నచ్చని అంకెను నాలుగుసార్లు సరిచూస్తాం. నచ్చినదాన్ని ఎవరూ చూడరు.

కార్తీకంలో ఒక పొద్దున

అరవైల నడుమ, ఒక కార్తీకమాసం. రెండు రోజులుగా ఉత్తరపు గాలి, ఉండి ఉండి చినుకులు. తెల్లవారుతుండగా కాపు పోలయ్య స్తంభం దగ్గరకొచ్చి లెక్క అడిగాడు. ఆర్ముగం రెండుసార్లు ఎంచి ముప్పై నాలుగన్నాడు. జెండా ఎగరలేదు.

ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఇంకొకటి కూడా తర్వాతే తెలిసింది. ఎల్లమ్మకు ఆ పొద్దు చిన్నకొడుకును పంపడం ఇష్టం లేదు. గాలి మోత చూసి, కడుపునొప్పని పడుకోమంది. గోవిందు వినలేదు. ఆమె ఆవరణ దాకా వచ్చి పెద్దకొడుకును అడిగింది. ఆర్ముగం, "చిప్పలు నిదానంగానే తిరగతా ఉండాయి మా, పోనీ" అన్నాడు. ఆమె వెనక్కి పోయింది.

నేను లేచి ఒడ్డుకు పోయేసరికి తెప్పలు అలలు దాటేశాయి. దిబ్బ మీద నిలబడితే పంచె నిలవడం లేదు. నాకు ఏదో తేడాగా అనిపించి ఆవరణలోకి పరుగెత్తాను. ఆర్ముగం చేతిలోంచి టైంపీసు తీసుకుని నేనే ఎంచాను. ముప్పై ఆరు. మళ్ళీ ఎంచాను. అంతే. నాకు నెమ్మదించింది. ఒంటికి తగిలిన గాలి కంటే చిప్పలు చెప్పిన గాలిని నమ్మాను. ఇంట్లోకి పోయి కాఫీ తాగాను.

పొద్దెక్కేకొద్దీ గాలి ఇంకా పెరిగింది. మధ్యాహ్నానికి తెప్పలు ఒక్కటొక్కటే రావడం మొదలైంది. కొన్ని ఒడ్డు దగ్గర తిరగబడ్డాయి, మనుషుల్ని తాళ్ళేసి లాగారు. రెండు తెప్పలు రాలేదు. ఒకదాని మీద గోవిందు ఉన్నాడు.

దాని గురించి ఎక్కువ రాయను. పాళెం ఆడవాళ్ళు నీళ్ళ అంచున కూర్చున్నారు. ఎల్లమ్మ ఏడవలేదు. ఆర్ముగం ఆమె పక్కన కూర్చోబోతే, జరిగి కూర్చుంది.

అడిగిన రెండు ప్రశ్నలు

మూడోనాటికి వాన వెలిసింది గానీ ఉత్తరపు గాలి ఆగలేదు. యంత్రాన్ని స్తంభం నుంచి దించి, ఒక్కణ్ణే దిబ్బ మీదికి మోసుకుపోయాను. ఎందుకు ఆ పని చేశానో సరిగ్గా చెప్పలేను. ఆ పొద్దున పంచె ఎగిరిన సంగతి మనసులోంచి పోలేదు, అంతే. గుంజకు కట్టి వదిలాను. ఎర్రచిప్ప కంటికి ఆనలేదు, ఎంచలేకపోయాను. ఆవరణలోకి తెచ్చి మళ్ళీ స్తంభం మీద పెట్టాను. నిదానంగా, చక్కగా, ఎంచుకోవడానికి వీలుగా తిరిగింది. తల తిప్పి చూస్తే సరుగుడు. నేను నాటించిన చెట్లు, పైకొమ్మలు విరిగిపోయేట్టు ఊగుతున్నాయి. వాటి కింద నా చొక్కా కదలడం లేదు.

మరుసటి రోజు డైరెక్టరు గారు వచ్చారు. ఆయనకంతా చెప్పాను. చివరిదాకా విన్నారు. తర్వాత, "యంత్రం చేసింది నువ్వు. చెట్లు వేసింది నువ్వు. ఇక్కడ పెట్టమన్నది నేను. దీన్ని పైకి రాస్తే పోయినవాళ్ళు తిరిగొస్తారా?" అన్నారు. ఎవరినీ తప్పుపట్టవద్దనీ, ఊళ్ళో అడిగినంతవరకే జవాబు చెప్పమనీ అన్నారు. ఆయన బలవంతపెట్టలేదు. నాకు కావలసిన మాటే ఆయన నోట వచ్చింది.

ఆ సాయంత్రం ఇసకలో ఊరు కూర్చుంది. కాపు పోలయ్య నన్ను పిలిపించాడు. ఆయన ఒక్క ప్రశ్నే అడిగాడు.

"సార్, యంత్రంలో ఏమన్నా లోపం ఉండాదా?"

"యంత్రంలో లోపమేమీ లేదు" అన్నాను.

అది అబద్ధం కాదు. యంత్రంలో లోపం లేదు. ఆ తర్వాత చెప్పవలసిన వాక్యం ఒకటుంది. దాన్ని నోట్లోనే ఉంచుకున్నాను. నా మాట విన్నాక జనం తలలు ఆర్ముగం వైపు తిరిగాయి. అవి తిరగడం నేను చూశాను. యంత్రం మంచిదైతే ఎంచినవాడే తప్పు, అంతకంటే వాళ్ళు ఏమనుకోగలరు? ఎవరో తాగి ఉన్నాడన్నారు. అతను తాగడని ఊరందరికీ తెలుసు. అయినా ఎవరూ కాదనలేదు. దురాయి పడింది. ఆర్ముగానికి ఎవరూ నిప్పు ఇవ్వకూడదు, నీళ్ళు ఇవ్వకూడదు, మాట్లాడకూడదు. తల్లి కూడా ఈ కట్టుబాటు పాటించాలి.

పాళెం వదిలిపోయే ముందు ఆర్ముగం ఆఫీసుకు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"సార్, ముప్పై నాలుగు అన్నానే, మధ్యలో ఒక పది చుట్లు ఎగరగొట్టి ఎంచినానా? రెండుమాట్లు ఎంచితిని. అయినా ఎగిరిపోయుండాదేమో. మీరేమంటారు సార్?"

అతని తర్వాత నేనూ ఎంచానని అతనికి గుర్తుందో లేదో గానీ, నాకెంత వచ్చిందో అతనికి తెలియదు. ఆ పొద్దు నేను పైకి ఎంచలేదు, అంకె చెప్పలేదు, టైంపీసు తిరిగి ఇచ్చేసి వెళ్ళిపోయాను. ఆ ముప్పై ఆరు అనే మాట చెబితే చాలు. చెట్ల సంగతి కూడా చెప్పనక్కరలేదు.

"ఏమో ఆర్ముగం" అన్నాను.

అతను తలాడించి వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండా నేను బదిలీ అడిగి వెళ్ళిపోయాను. నా ఉద్యోగంలో ఆ తర్వాత చాలా తప్పులు చేశాను. వాటిలో దిద్దుకోదగినవి దిద్దుకున్నాను. పైవాడి భయంతో తప్పు చేస్తే పైవాడు మారాక దిద్దుకోవచ్చు. నా పేరు చెడకుండా చూసుకోవడానికి చేసింది మాత్రం నేను ఎక్కడికి పోతే అక్కడికి వచ్చింది. ప్రతి కొత్త ఊళ్ళోనూ, ఈసారి సెలవులో పోయి చెప్పివస్తాననుకునేవాణ్ణి.

పులికాట్ అంచున

శిక్షణ తరగతి నుంచి వచ్చిన తర్వాత ఆర్ముగాన్ని వెతికాను. దక్షిణాన పులికాట్ సరస్సు అంచున ఒక పల్లెలో ఉన్నాడు. వలలు బాగుచేస్తూ బతుకుతున్నాడు. నేను పోయేసరికి చెట్టుకు కట్టిన వల ముందు కూర్చుని చిరుగుల కోసం కన్ను కన్నూ తడుముతున్నాడు. నన్ను గుర్తుపట్టి లేచాడు. కూర్చోమని చాప వేశాడు, టీ తెప్పిస్తానన్నాడు. నేను టీ రాకముందే చెప్పేశాను. చెట్లు, దిబ్బ, నేను ఎంచిన ముప్పై ఆరు, అన్నీ.

అతను కోప్పడితే బాగుండేది. చేతిలో ఉన్న వల చిక్కు తీస్తూ విన్నాడు. రెండు మూడుసార్లు, "మీకూ ముప్పై ఆరేనా సార్?" అని అడిగాడు. అవునన్నాను. అప్పుడు అతను చెప్పిన సంగతి నాకు అంతకుముందు తెలియదు.

ఆ రోజు ఆఫీసు నుంచి తిన్నగా తల్లి దగ్గరికి పోయాడట. కట్టుబాటు ఉంది గనక ఆమె తలుపు తీయలేదు. అయినా ఆమెకు కొడుకు మీద నమ్మకం పోలేదు, "నువ్వు తప్పు ఎంచలేదని చెప్పరా, నేను కాపు కాళ్ళ మీద పడతా" అని లోపలినుంచే అందట. ఆర్ముగం బయట నిలబడి, ఒక పది ఎగరగొట్టినానని ఒప్పుకున్నాడు.

"సారుకే ఏమో అనిపించినాక, ఇంక నేను లేదని ఎట్టంటాను? తమ్ముణ్ణి నేనే పొమ్మంటిని కదా సార్. అమ్మకాడ అబద్ధం చెప్పకూడదని, నాదే తప్పంటిని."

ఎల్లమ్మ ఆ తర్వాత అతని పేరెత్తలేదట. చాలా ఏళ్ళకు ఆమె పోయిందని తెలిసి పోతే, ఊళ్ళోకి రానివ్వలేదు. కాలవకట్ట మీద నిలబడి పాడె పోవడం చూశాడు.

టీ వచ్చింది. అతను గ్లాసు నా చేతికిచ్చి, "ఈ మాట మా అమ్మ ఉన్నప్పుడు చెప్పుండాల సార్" అన్నాడు. గొంతు పెంచలేదు.

ఏం చేయమంటావని అడిగాను. పాళెంలో చెప్పమన్నాడు. తనతో కాదు, ఊరు కూర్చున్నప్పుడు, అందరికీ వినబడేట్టు.

పోయి చెప్పాను. కాపు పోలయ్య లేడు, ఇప్పుడు ఆయన మనవడి వయసువాడు కాపు. ఇసకలో కూర్చున్నవాళ్ళలో సగంమంది ఆ కార్తీకం తర్వాత పుట్టినవాళ్ళు. ఒక కుర్రాడు పక్కవాణ్ణి ఆర్ముగమెవరని అడగడం నాకు వినబడింది. పోయినవాళ్ళ తాలూకు ముసలివాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ళలో ఒకామె లేచి, నా ముఖంలోకి చూసి, ఇంటికి వెళ్ళిపోయింది. కాపు పెద్దవాళ్ళతో మాట్లాడి దురాయి ఎత్తేశామన్నాడు. ఎత్తేసినట్టు నన్నే పోయి చెప్పమన్నాడు. ఎప్పుడైనా రావచ్చు, ఊరు అతనిదేనని చెప్పమన్నాడు.

మళ్ళీ పులికాట్ అంచుకు పోయాను. ఆర్ముగం అదే చెట్టు కింద ఉన్నాడు. ఊళ్ళో ఏమన్నారో మాట పొల్లు పోకుండా చెప్పాను. ఎవరెవరు ఉన్నారని అడిగాడు. తెలిసినంత చెప్పాను. తన ఇల్లు ఉందా అని అడిగాడు. గుడిసె ఎప్పుడో పడిపోయిందని, ఆ స్థలంలో ఇంకెవరో వల ఆరేసుకుంటున్నారని చెప్పాను.

అతను చేతిలోని వల పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"ఎవురింటికని రావాల సార్?"